చుక్క పెట్టిన చోట

సంతాపసభలో చదవడానికి రాసుకున్న రెండు పేజీలు భోజనాల బల్ల మీద ఉంచి, పాలు పొంగుతున్న వాసనకి చిన్న మేడం వంటింట్లోకి పరుగెత్తింది. స్టవ్ కట్టేసి, ఒలికిన పాలు తుడిచి, గుడ్డ పిండి ఆరేసి వచ్చేసరికి ఆ పేజీలు భర్త చేతిలో ఉన్నాయి. రెండో చేతిలో కలం ఉంది.

“కాస్త బిగించానంతే,” అన్నాడు ఆయన, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ. “‘నా చేతిరాత చూసి నవ్వేది’ అని రాశావు. సభలో అలాంటివెందుకు? ‘వారి మార్గదర్శకత్వం చిరస్మరణీయం’ అని మార్చాను. హుందాగా ఉంటుంది.”

ఆయన చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. పత్రికాఫీసులో ఇరవై రెండేళ్లుగా ఇతరులు రాసిన వార్తలు దిద్దే ఉద్యోగం ఆయనది. దిద్దడానికి అలవాటుపడిన చేతికి పచారీ చీటీ కూడా వార్తలాగే కనిపిస్తుంది. ఆమె ఉప్పు, సబ్బులు, పంచదార అని రాస్తే, సబ్బులకి బాణం గుర్తు పెట్టి కిందికి దించి, “తినేవీ తిననివీ కలిపి రాయకూడదు” అంటాడు. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ఆమె ఏదైనా చెప్పబోతే మొదటి సగం ఆమెది, రెండో సగం ఆయనది. వచ్చినవాళ్లు “మీ ఇద్దరిదీ ఒకటే మాట” అని మురిసిపోతారు. ఆ ఒక్క మాటా ఎవరిదని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు.

సభలో ఆయన దిద్దినదే చదివింది. అందరూ బాగుందన్నారు. హెచ్చోడీ గారు, అంటే యూనివర్సిటీలో ఆమె పనిచేసే విభాగానికి పెద్ద, ఒక కాపీ అడిగి తీసుకున్నారు. ఆమెకి మాత్రం ఏడుపు రాలేదు. చిరస్మరణీయం అన్న మాటకి ఏడవడం ఎవరి తరం?

పోయినావిడని యూనివర్సిటీలో అందరూ పెద్ద మేడం అనేవారు. ఆవిడ దగ్గర మొదట పరిశోధన చేసి, ఆవిడ గది పక్క గదిలోనే ఉద్యోగంలో చేరింది కాబట్టి ఈవిడ చిన్న మేడం అయింది. నలభై ఆరేళ్లొచ్చినా, జుట్టు సగం తెల్లబడినా చిన్న మేడమే. ఇప్పుడు పెద్ద మేడం లేకపోయినా ఆ పేరు మారలేదు. ఎవరికి చిన్న అని అడిగేవాళ్లు లేరు.

పెద్ద మేడం పోయిన మర్నాడు సెలవు పెడదామని ఫారం తీసింది. చావు సెలవుకి అందులో ఒక పట్టీ ఉంది. తల్లి, తండ్రి, అత్త, మామ, భర్త, బిడ్డ. గైడు అన్న మాట లేదు. తలనొప్పి అని రాసి ఒక రోజు సెలవు తీసుకుంది. ఆ రోజు మంచం మీద పడుకుని ఉంటే అత్తగారు గుమ్మంలో నిలబడి అంది: “మీ అమ్మ పోయినప్పుడు మూడో రోజుకే లేచి వంట చేశావు. ఎవరో ఆవిడ కోసం ఇంతా?” ఆవిడ ఎగతాళిగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చిన్న మేడం దగ్గర ఉంది కానీ అది చెప్పాలంటే పదిహేడేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పుడు కూతురికి ఏడాది. థీసిస్ సగంలో ఆగింది. చంకలో పిల్లతో, నోట్లో మాట పెగలకుండా, పెద్ద మేడం ముందు కూర్చునేది. తన చాప్టర్ ఇచ్చేది. వారం తిరిగేసరికి అది ఎర్ర సిరాతో నిండిపోయి వచ్చేది. అంచుల్లో చోటు చాలకపోతే పెద్ద మేడం విడి కాగితాలు కుట్టి మరీ రాసేది. “నువ్వు చెప్పాలనుకున్నది ఇదే కదూ, అమ్మాయ్?” అని అడిగేది. చిన్న మేడం ఆ వాక్యం చదివి, అవును, సరిగ్గా ఇదే, తన గొంతులో ఇరుక్కుపోయింది ఇదే అనుకుని తల ఊపేది. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ తన కోసం ఎవరూ అంతసేపు కలం పట్టుకుని కూర్చోలేదు. ఆ ఎర్ర సిరా కాగితాలన్నీ ఇప్పటికీ బట్టల బీరువాలో, పట్టుచీరల కింద, పాత దిండుగలీబులో భద్రంగా ఉన్నాయి.

థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత మాత్రం ఆమె ఏమీ రాయలేదు. సెమినార్లకి పిలిస్తే పాత థీసిస్‌లోంచే ఒక ముక్క తెంపి చదివేది. ఎందుకు రాయలేదంటే కారణాలకేం కొదవ? కూతురి చదువు, అత్తగారి మోకాళ్లు, గుట్టలకొద్దీ జవాబుపత్రాలు. అన్నీ నిజమైన కారణాలే. అందుకే వాటి వెనక ఇంకేమైనా ఉందా అని ఆమె ఎప్పుడూ చూడలేదు.

సంతాపసభ అయిన వారానికి హెచ్చోడీ పిలిచారు.

“పెద్ద మేడం దగ్గర ఆఖరి స్టూడెంట్ ఒకామె మిగిలిపోయింది మేడం. స్కూల్లో టీచరు. మీ పేరు మీదికి మారుస్తున్నా. గడువు పది వారాలే ఉంది. ఆ లోపల ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.”

“ఎంతవరకు రాసిందండీ?”

“అన్నీ అయ్యాయి గానీ అసలు చాప్టరే తేలలేదు. ముక్కుతూ మూలుగుతూ రాస్తోంది. మీరే ఓ చెయ్యి వేసెయ్యండి మేడం.” ఆయన గొంతు తగ్గించారు. “ఎవరు వెయ్యడం లేదు చెప్పండి? ఆ అమ్మాయికి డిగ్రీ, మీకు పుణ్యం.”

ఆ అమ్మాయిని విభాగంలో టీచరమ్మ అనేవారు. ముప్పై ఐదేళ్లుంటాయి. మధ్యాహ్నం బడి అయ్యాక రెండు బస్సులు మారి వచ్చేది. వేళ్ల మధ్య సుద్దపొడి ఎప్పుడూ కడిగీ కడగనట్టే ఉండేది. తన బడిలో పదేళ్లుగా పిల్లల చేత రాయించిన వ్యాసాలు ఆమె పరిశోధనకి సరుకు. ‘ఆదివారం మా ఇంట్లో’ అన్న ఒకే అంశం మీద మూడు వందల పద్ధెనిమిది వ్యాసాలు. వాటిలో అమ్మ వండుతుంది, ఉతుకుతుంది, తిడుతుంది, వెతుకుతుంది, నిలబడి తింటుంది. అమ్మ కూర్చున్నది పదకొండు వ్యాసాల్లోనే. ఆ పదకొండింటిలో తొమ్మిదిసార్లు అమ్మకి జ్వరం. ఒకసారి అమ్మ పుట్టింటికి వెళ్లింది. మిగిలిన ఒక్కటీ ఎవరో పిల్లవాడు రాసింది, దాని చివర్లో ఇలా ఉంది: ‘కరెంటు పోయింది. అమ్మ పని ఆపి కూర్చుంది. మేమందరం అమ్మ చుట్టూ కూర్చున్నాం. చాలా బాగుంది. తర్వాత కరెంటు వచ్చేసింది.’

చాప్టర్ చదువుతుంటే చిన్న మేడంకి రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, విషయం అద్భుతమైనది. రెండు, చెప్పడం చేతకాలేదు. వాక్యాలు మొదలై ఎక్కడో తడబడి ఆగిపోతున్నాయి. అంచుల్లో అక్కడక్కడా పెన్సిల్ చుక్కలున్నాయి. పెద్ద మేడం చుక్కలు, అనుమానం లేదు. మాట ఒక్కటీ లేదు. లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి. పాపం, చివర్లో ఒంట్లో ఓపిక లేక తప్పులున్న చోట చుక్క పెట్టి వదిలేసింది కాబోలు అనుకుంది. ఆవిడ పూర్తి చేయలేక వదిలిన పని తన చేతిలోకి వచ్చింది. ఇంతకంటే చేయగలిగిన కర్మకాండ ఏముంటుంది?

నాలుగు ఆదివారాలు కూర్చుంది. మధ్యలో కుక్కర్ కూతలు లెక్కపెట్టింది, అత్తగారి మోకాళ్లకి మందు రాసింది, కూతురి హాస్టల్ ఫోన్‌కి బదులు చెప్పింది. “ఆదివారం కూడా ఆ కాగితాలేనా?” అంది అత్తగారు. “నీ థీసిస్ అయిపోయి పదహారేళ్లయిందిగా!” భర్త మాత్రం వెనకనుంచి తొంగిచూసి, “ఓ! దిద్దుతున్నావా?” అని, తన వంతు టీ తనే పెట్టుకున్నాడు. దిద్దే పనంటే ఆయనకి అంత గౌరవం.

చుక్కలున్న చోట్లన్నీ కొట్టేసింది. కరెంటు పోయిన పిల్లవాడి వ్యాసం పక్కనా చుక్క ఉంది, అదీ తీసేసింది. ఒక్క ఉదాహరణతో ఏం రుజువవుతుంది? తడబడే వాక్యాలని నిలబెట్టింది. ఆగిపోయిన ఆలోచనల్ని చివరిదాకా నడిపించింది. రాస్తుంటే ఎన్నేళ్లకో చేతికి ఒక వేగం వచ్చింది, ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు. పక్కన పెద్ద మేడం కూర్చుని “అదే కదూ, అమ్మాయ్?” అంటున్నట్టే ఉంది.

టీచరమ్మ వచ్చి, కొత్త చాప్టర్ అందుకుని, కుర్చీ అంచున కూర్చుని మొదటి నాలుగు పేజీలు చదివింది. చదవడం ఆపి కాగితాలు సర్దింది.

“చాలా బాగుంది మేడం.”

“ఇంకేముంది, మంచి టైపు చేయించి తెచ్చెయ్. వారంలో పంపేద్దాం.”

“అలాగే మేడం.”

వారం గడిచింది. టీచరమ్మ రాలేదు. ఫోన్ చేస్తే ఒకసారి బడిలో పరీక్షలంది, ఒకసారి ఒంట్లో నలతంది, మూడోసారి ఫోన్ తీయలేదు. మూడు వారాలు కరిగిపోయాయి. గడువు ఇంకో మూడు వారాలుంది. హెచ్చోడీ వరండాలో ఎదురైనప్పుడల్లా ముంజేతి గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నారు. ఒక మధ్యాహ్నం చిన్న మేడం తనే రెండు బస్సులు మారి ఆ బడికి వెళ్లింది.

స్టాఫ్ రూములో ఒక పొడవాటి బల్ల, దాని మీద నోటుపుస్తకాల దొంతరలు. టీచరమ్మ ఒక్కతే ఉంది. చిన్న మేడంని చూడగానే చటుక్కున లేచి, తన కుర్చీ ఆమె వైపు తోసి, తను బల్లకి ఆనుకుని నిలబడింది.

“కోపమొచ్చిందా నా మీద?”

“అయ్యో, కోపమేంటి మేడం! మీరంత కష్టపడ్డారు.”

“మరి?”

టీచరమ్మ ఒక నోటుపుస్తకం తెరిచి మూసింది. “ఇంట్లో మా ఆయనకి చూపించాను మేడం. ఆరేళ్లలో మొదటిసారి చదివాడు. ‘ఇంత బాగా రాస్తావా నువ్వు!’ అన్నాడు. మా అత్తగారిని కూడా పిలిచి వినిపించాడు. ఆవిడ ఏకంగా దిష్టి తీస్తానంది.” నవ్వబోయి మానేసింది. “వాళ్లు మెచ్చుకునేకొద్దీ నాకు ఎవరిదో చీర కట్టుకుని పెళ్లికెళ్లినట్టుంది మేడం. ఎక్కడ మరక పడుతుందో అని భయం. రేపు ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆ చీర ఎవరిదో చెప్పలేను.”

“నీ మంచికే చేశానమ్మా. గడువు చూశావుగా.”

“తెలుసు మేడం.” నేల చూస్తూ అంది: “చుక్కలున్న చోట్లన్నీ తీసేశారు.”

“మరి అవి తప్పులే కదా. ఆవిడ గుర్తు పెట్టిందనే…”

“తప్పులా?” టీచరమ్మ తలెత్తింది. ఈసారి నిజంగానే నవ్వొచ్చిందామెకి. “తప్పులు కావు మేడం. పెద్ద మేడం నా చాప్టర్ తను చదివేదే కాదు, నన్నే గట్టిగా చదవమనేది. కళ్లు మూసుకుని వినేది. నా గొంతు ఎక్కడ తగ్గితే అక్కడ చుక్క పెట్టేది. ‘ఎందుకు తగ్గిందో నాకు చెప్పక్కర్లేదు అమ్మాయ్. నీకు తెలిస్తే చాలు. తెలిసిన రోజున అక్కడే రాయి’ అనేది. ఆ చుక్కల దగ్గరే మేడం నేను ఇంకా రాయాల్సింది.”

చిన్న మేడం కుర్చీలో ముందుకి జరిగింది. “ఎర్ర సిరాతో… ఏమీ రాసేది కాదా?”

“ఒక్క అక్షరం లేదు. మొదట్లో నేనే బతిమాలాను. ‘ఒక్క వాక్యం చెప్పండి మేడం, దాన్ని పట్టుకుని పోతాను’ అన్నాను. అప్పుడు చెప్పింది.” టీచరమ్మ పెద్ద మేడం గొంతునే తెచ్చుకుంది, తనకి తెలియకుండానే. “‘ఒకసారి రాసిపెట్టానమ్మాయ్ ఒకళ్లకి. నా మొదటి స్టూడెంట్. బంగారంలాంటి పిల్ల. చంటిబిడ్డతో అవస్థపడుతోందని సగం నేనే రాసేశాను. ఆ పిల్ల మళ్లీ కలం పట్టలేదు. నా చెయ్యి ఊరుకోదు, అందుకే పెన్సిల్ పట్టుకున్నా’ అంది.”

ఎక్కడో వరండాలో పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు.

“ఎవరో చెప్పిందా?”

“లేదు మేడం. పేరు చెప్పలేదు.” బడి గంట మోగింది. టీచరమ్మ నోటుపుస్తకాలు గుండెకి హత్తుకుని, గుమ్మం దగ్గర ఆగి, “మీకు తెలుసా మేడం ఎవరో?” అంది.

“పిల్లలు ఎదురుచూస్తున్నారు, వెళ్లు,” అంది చిన్న మేడం.

బస్టాపులో సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. మొదటి బస్సు వచ్చి వెళ్లిపోయింది, ఎక్కలేదు. ముందు కోపమే వచ్చింది. పదహారేళ్లు గోడకి అవతలి గదిలోనే ఉంది కదా మహాతల్లి, రోజూ పదకొండింటికి టీ కలిసే తాగారు కదా, ఒక్కరోజైనా ఈ మాట తనతో అనలేదేం? బయటివాళ్ల దగ్గర చెప్పుకునే తప్పుగా మిగిలిపోయానా నేను? బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్నది ఏమిటి మరి? రెండో బస్సు కూడా వెళ్లిపోయాక కోపం పలచబడింది. పెద్ద మేడం ఆ మాట తనతో ఎలా అంటుంది? అంటే ఏమని జవాబు చెప్పేది తను? “లేదు మేడం, మీరు నాకెంత చేశారో” అని చేతులు పట్టుకునేది. ఆ మాట వినడం ఇష్టంలేకనే ఆవిడ చెప్పలేదేమో. అయితే చెప్పకుండా ఊరికే ఉండనూ లేదు. తర్వాత వచ్చిన ప్రతి పిల్ల దగ్గరా చేతులు కట్టేసుకుని కూర్చుంది. అంత వయసులో తన చేతిని తను మార్చుకుంది.

బంగారంలాంటి పిల్ల అందట.

అప్పుడు వచ్చింది ఏడుపు. పట్టపగలు, నలుగురిలో, చేతిసంచీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన కాస్త జరిగి చోటిచ్చాడు, అంతే, ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తున్నాడు. “గడువు పెంచమని రిజిస్ట్రారుకి ఉత్తరం. నువ్వు కంగారు పడుతున్నావుగా, తయారుచేసి పెట్టా. మూడు నెలలు అడిగాను. సంతకం పెట్టు చాలు.”

ఉత్తరం చదివింది. తిరుగులేని ఉత్తరం. ఏ రిజిస్ట్రారూ కాదనలేనిది.

“నేను రాసుకుంటానండీ.”

“రాశానుగా!”

“చూశాను. బాగుంది. నేను రాసుకుంటాను.”

ఆయన మొహం చిన్నబోయింది. ఇరవై మూడేళ్ల కాపురంలో కోప్పడితే ఎలా ఉంటాడో తెలుసు గానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. వండిన గిన్నె ముందునుంచి ఎవరో లేచి వెళ్లిపోతే ఆడవాళ్లు పెట్టే మొహం అది. “నీ మంచికే కదా చేసింది,” అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. “ఇవాళ నేనూ సరిగ్గా అదే మాటన్నాను ఒకళ్లతో. అనేటప్పుడు నిజంగానే అన్నాను. మీరూ నిజంగానే అంటున్నారు, నాకు తెలుసు. అందుకే ఇన్నేళ్లూ కాదనడం చేతకాలేదు.”

“ఇందులో కాదనడానికేముంది? నాలుగు వాక్యాలు…”

“ఆ నాలుగూ నావి కావు. తప్పులుంటే ఉండనివ్వండి. ఎవరైనా అడిగితే, నేనే రాశానని చెప్పుకోవాలి.”

ఆయన కలం మూత పెట్టాడు. “రిజిస్ట్రారు పేరుకి ముందు గౌరవనీయులైన అని మాత్రం పెట్టు” అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. “పెడతాలెండి,” అంది.

ఆమె రాసిన ఉత్తరంలో ముందు చెప్పాల్సింది వెనకా, వెనక చెప్పాల్సింది ముందూ వచ్చింది. గైడు చనిపోయారని, ఆ చావుకి ఏ ఫారంలోనూ చోటు లేదని కూడా రాసింది. మూడు నెలలు అడిగితే ఇరవై ఒక్క రోజులు ఇచ్చారు. భర్త ఆ కాగితం చూసి నోరు మెదపలేదు. అది ఆయన గొప్పతనమే. అత్తగారు మాత్రం ఊరుకోలేదు: “వాడు రాస్తే మూడు నెలలొచ్చేవి. ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని సంతకి మందుకెళ్లినట్టుంది!”

ఉన్న మూడు వారాలకి ఇవి మూడు. మొత్తం ఆరు వారాలు. చాలకపోతే ఆ పిల్ల ఆరేళ్లూ ఉత్తరం తనే రాస్తానన్న మొండితనం వల్లే పోయినట్టు. ఆ సంగతి చిన్న మేడం టీచరమ్మకి దాచకుండా చెప్పింది. “నేను రాసింది నా దగ్గరే ఉంది. కావాలంటే అదే ఇచ్చేయొచ్చు, డిగ్రీ ఖాయం. వద్దంటే నీ పాత చాప్టర్ తీసుకో. ఆరు వారాల్లో తేలుతుందో లేదో నాకు తెలియదు. నీ ఇష్టం.”

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. “పాతదే తెచ్చాను మేడం. సంచీలోనే ఉంది.”

అప్పటినుంచి సోమ, బుధ, శనివారాలు మధ్యాహ్నం ఆమె చదవడం, చిన్న మేడం వినడం. వినడం ఇంత కష్టమైన పని అని ఆమెకి తెలియదు. మొదటి రోజు రెండుసార్లు టీచరమ్మ వాక్యం మధ్యలో తడుముకుంటుంటే తనే అందించేసింది. రెండుసార్లూ టీచరమ్మ “అవును మేడం, అదే” అని తల ఊపింది. ఆ తల ఊపడం చూసి చిన్న మేడం ఆగిపోయింది. ఆ ఊపు తనకి బాగా తెలుసు. తర్వాతిసారి నుంచి రెండు చేతులతో టీ గ్లాసు గట్టిగా పట్టుకుని కూర్చునేది. టీ చల్లారిపోయేది. ఒకరోజు పదకొండు నిమిషాలు ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. అటెండర్ తలుపు తోసి చూసి, పోట్లాట అనుకుని, మెల్లగా మూసి వెళ్లిపోయాడు.

మూడో వారంలో, కరెంటు పోయిన పిల్లవాడి వ్యాసం దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ గొంతు మళ్లీ తగ్గింది. కాగితం ఒళ్లో పెట్టుకుంది.

“ఇది మా అబ్బాయిది మేడం. వాడూ మా బళ్లోనే కదా. దొంతరలో కలిసి వచ్చేసింది. పెద్ద మేడంకి కూడా చెప్పలేదు.”

ఓదార్పు మాట, సలహా, జాగ్రత్త చెప్పే మాట, మూడూ ఒకేసారి చిన్న మేడం నోటిదాకా వచ్చాయి. టీతో పాటు మింగేసింది.

“తీసేయనా మేడం? రాయనా?”

“నువ్వే చూసుకో,” అంది. ఆ రెండు మాటలు అనడానికి ఆమెకి పట్టినంత బలం, నాలుగు ఆదివారాల రాతకి పట్టలేదు.

టీచరమ్మ రాసింది. ఆ వ్యాసం తన కొడుకుదని, ఆ ఇల్లు తనదని, అప్పటివరకు ‘పరిశోధకురాలు’ అని రాసుకున్న చోటల్లా ‘నేను’ అని మార్చి రాసింది. కొన్ని వాక్యాలు ఇంకా కుంటుతూనే ఉన్నాయి. గడువుకి రెండు రోజుల ముందు సెమినార్ పెట్టారు. థీసిస్ ఇచ్చేముందు విభాగంలో అందరి ఎదుటా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే సెమినార్ అది. అక్కడ సరే అంటేనే థీసిస్ గడప దాటుతుంది.

ఇరవై మంది ఉన్నారు. టీచరమ్మ ముప్పావు గంట మాట్లాడింది. ఎక్కడా గొంతు తగ్గలేదు. అయ్యాక హెచ్చోడీ కుర్చీలో వెనక్కి వాలారు.

“బాగుందమ్మా. కానీ ఒక సందేహం. అమ్మ కూర్చున్నట్టు పిల్లలు రాయలేదు, సరే. రాయనంత మాత్రాన ఆవిడ కూర్చోలేదనా? పిల్లవాడు చూడలేదేమో! చూసి మర్చిపోయాడేమో! పిల్లల మాట పట్టుకుని ఇంత పెద్ద మేడ కట్టొచ్చా?”

మంచి ప్రశ్న. దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. టీచరమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. కాగితాల్లో వెతికింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చిన్న మేడంకి జవాబు తెలుసు. వ్యాసాల సంఖ్య, పదేళ్ల కాలం, వేర్వేరు తరగతులు, అన్నిటిలోనూ ఒకే ధోరణి. మూడు వాక్యాల్లో చెప్పేయొచ్చు. నాలుక మీద సిద్ధంగా ఉంది.

“మేడం,” హెచ్చోడీ ఆమె వైపు తిరిగారు, ఆదుకునేవాడి గొంతుతో. “గైడు కదా, మీరు చెప్పండి పోనీ.”

“ఆమె చెబుతుంది సార్,” అంది చిన్న మేడం. “కాస్త ఆగుదాం.”

ఆగారు. కొందరు ఆమె వైపు చూసి మొహాలు ముడిచారు. ఆ పిల్లని మునగనిస్తున్నావా అన్నట్టు చూశారు. తనకీ ఆ అనుమానం లేకపోలేదు. అరచేతుల్లో గోళ్లు గుచ్చుకుంటున్నాయి. టీచరమ్మ ఆమెని చూడటం లేదు, కాగితాలూ చూడటం లేదు. ఎదురుగా గోడని చూస్తోంది.

“నేను కూర్చుంటాను సార్,” అంది చివరికి.

“ఏంటమ్మా?”

“ఆదివారం నేను కూర్చుంటాను. బట్టలు ఆరేశాక, మేడ మెట్ల మీద, మూడో మెట్టు మీద. ఓ పావుగంట. ఏళ్లుగా అంతే. మా అబ్బాయి ఆ మెట్ల మీదినుంచే ఆటకి దిగుతాడు. ‘జరగమ్మా’ అని నన్ను దాటుకునే వెళ్తాడు. వాడి వ్యాసంలో ఆ మెట్లున్నాయి, బంతి ఉంది, ఆరేసిన బట్టలున్నాయి. వాటి మీద నేను లేను. కరెంటు పోయి అందరితో కూర్చున్నప్పుడే ఉన్నాను.” ఊపిరి తీసుకుంది. “మీరన్నది నిజం సార్. పిల్లలు చూడలేదు. కూర్చున్నావిడ వాళ్లకి అమ్మలా కనపడలేదు. నా థీసిస్ అమ్మలు కూర్చోరని కాదు. కూర్చుంటే కనపడరని.”

హెచ్చోడీ ఏదో రాసుకోబోయి, కలం అలాగే పట్టుకుని ఉండిపోయారు. ముందు వరసలో ఒక లెక్చరరమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

చిన్న మేడం పిడికిళ్లు వదులు చేసింది. ఆమె నాలుక మీద సిద్ధంగా ఉన్న జవాబు ఇది కాదు. అది సరైనదే, కానీ ఇంతకంటే చాలా చిన్నది. తను అందించి ఉంటే ఆ పిల్ల “అవును సార్, అదే” అని తల ఊపి కూర్చునేది.

“మంచిది, మంచిది,” హెచ్చోడీ గొంతు సవరించుకున్నారు. “రికార్డు కోసం అడుగుతున్నా. ఈ పనిలో గైడుగా మీది ఎంతవరకు ఉందో ఓ మాట చెబుతారా మేడం?”

ఆమె లేచి నిలబడింది.

“ఒక్క మాట కూడా లేదు సార్,” అంది.

పదహారేళ్లలో ఆమె అంత గర్వంగా ఏ మాటా అనలేదు.